ఇరావతి ఒడ్డున నేను చంపిన మనిషి

నేను బర్మా యుద్ధం మీద నవల రాయడానికి కూర్చునే నాటికి నా కళ్ళతో చూసిన యుద్ధం ఒక్కటే. అది రాజమండ్రి రేవులో కొవ్వూరు పడవ ఎక్కడానికి రోజూ పొద్దున్నే జరిగేది. అందులోనూ నేనెప్పుడూ గెలవలేదు. బడిలో పిల్లలకు చరిత్ర చెప్పేవాడిని కాబట్టి యుద్ధాల తేదీలు మాత్రం నోటికొచ్చు. తుపాకీ చప్పుడంటే పెళ్ళి ఊరేగింపుల్లో అవుట్లు పేలితే విన్నదే. ఆ అర్హత చాలనుకున్నాను.

ఆ రోజుల్లో మా ఊళ్ళో నాలుగు ముక్కలు ఇంగ్లీషు వచ్చిన ప్రతివాడూ నవల రాస్తున్నాడు. కోటలు, రాకుమార్తెలు, మారువేషాలు అప్పటికే ప్లీడర్లు పంచేసుకున్నారు. మిగిలింది యుద్ధం. పన్నెండేళ్ళ కిందట తెల్లవాళ్ళు బర్మా రాజును గద్దె దింపారు, ఆ యుద్ధానికి మన జిల్లాల నుంచి సిపాయిలూ, సామాన్లు మోసేవాళ్ళూ, డోలీలు మోసేవాళ్ళూ ఓడలెక్కి వెళ్ళారు. దాని మీద ఎవరూ కలం పెట్టలేదు. నేను పెట్టాను. పెట్టేముందు పరిశోధన చెయ్యాలని ఇంగ్లీషు పత్రికలో చదివాను, కనక పరిశోధన కూడా చేశాను.

మొదట సముద్రం చూడాలి. నా నాయకుడు ఓడలో వెళ్తాడు మరి. కాలవ పడవలో కాకినాడ వెళ్ళాను. అక్కడ ఓడలు ఒడ్డుకు రావు, దూరంగా నిలబడితే చిన్న పడవల మీద సరుకు చేరేస్తారు. ఒక సరుకు పడవవాణ్ణి బతిమాలి బియ్యం బస్తాల మీద కూర్చుని బయలుదేరాను. ఓడ ఇంకా అరచెయ్యంత కనిపిస్తుండగానే నా కడుపులో ఉన్నదంతా బంగాళాఖాతానికి సమర్పించాను. పడవవాళ్ళు నవ్వుకుంటూ వెనక్కి తిప్పారు. నవలలో మాత్రం, 'కల్లోలితంబగు కడలిం గనుంగొని ఆ వీరుండు చిఱునవ్వు నవ్వెను' అని రాశాను. నవ్వింది పడవవాళ్ళు. ఆ నవ్వు తీసి నాయకుడి మొహాన అతికించాను, అంతే.

తరవాత ఇరావతి నది కావాలి. రంగూన్ దాకా వెళ్ళడానికి బడికి సెలవు లేదు, నాకు కడుపు లేదు. పట్టిసీమ వెళ్ళాను. గోదావరి, నది మధ్యలో కొండ, కొండ మీద గుడి, ఆపైన వరసగా కొండలు. గుడికి బంగారు పూత పూసి బుద్ధాలయం చేశాను. ఇసుకలో మేస్తున్న గేదెల్ని ఏనుగులుగా మార్చాను. వీరభద్రుడికి మనసులో క్షమాపణ చెప్పుకుని సాయంత్రానికి బర్మా దేశం ముగించుకుని ఇంటికొచ్చాను.

ఇక మిగిలింది యుద్ధం. దానికి మా వీధి చివర ఒక హవల్దారుగారు దొరికారు. పింఛను పుచ్చుకుని అరుగు మీద కూర్చుని లంక పొగాకు చుట్ట కాల్చుకునే పెద్దమనిషి. బర్మాలో రెండేళ్ళున్నారు. నేను నోటుపుస్తకం, పెన్సిలు పట్టుకుని రోజూ బడి అయ్యాక వెళ్ళేవాడిని.

"మీరు కత్తి దూసిన మొదటి సందర్భం చెప్పండి" అని అడిగాను.

"దుయ్యలేదండి. వానలకి తుప్పట్టి ఒరలో ఇరుక్కుపోయింది."

"పోనీ, శత్రువులు ఎదురుపడినప్పుడు?"

"కనబడితే కదండీ. వెదురు పొదల్లోంచి కాలుస్తారు, పారిపోతారు. మాకు కనబడినవి దోమలు, జలగలు. యుద్ధమంటే ఏంటనుకున్నారు పంతులుగారూ, వాన ఎప్పుడు ఆగుతుందా అని చూడ్డం."

పదిహేను రోజులు ఇదే వరస. పుచ్చు బియ్యం, కాళ్ళకు పుళ్ళు, జ్వరాలు, తడిసిన చెప్పులు. ఇంత చేతకాని సాక్షి నాకే దొరకాలా అని ఏడుపొచ్చింది. పదహారో రోజున, నా మీద జాలిపడో ఏమో, ఆయన డోలీవాళ్ళ సంగతి ఎత్తారు.

"నాకు జ్వరమొస్తే ఓ కుర్రాడు రెండు మజిలీలు మోశాడండి. మన కొవ్వూరు దగ్గరోడే. కిరస్తానీవాడు. ఎడం చెవి అంచు కాలిపోయుండేది. అలుపొస్తే ఉప్పురాయి ఒకటి బుగ్గన పెట్టుకుని నడిచేవాడు. నాకు నయమయ్యేసరికి వాడికి పట్టుకుంది. విరేచనాలండి. మూడు రోజులు దాహం దాహం అన్నాడు. నాలుగో పొద్దున పోయాడు. వాగు పక్కన నేనూ, ఇంకో ఇద్దరూ కలిసి మన్ను కప్పాం."

"ఇంటివాళ్ళకి తెలుసా?"

"సర్కారువాళ్ళు ఎప్పుడో చెప్పుంటారు కదండీ. నేను పింఛను పుచ్చుకుని ఇటు తిరిగొచ్చేసరికే చాలా ఏళ్ళయింది."

నాకు ఒళ్ళు జలదరించింది. చనిపోయినవాడి మీద జాలితో అనుకుంటే పొరపాటు. నా నాయకుడు దొరికాడు. చెవి బాగుంది, ఉప్పురాయి మరీ బాగుంది. విరేచనాలు ఒక్కటే బాగాలేదు. నవలా నాయకుడు విరేచనాలతో పోవడమేంటి, పాఠకుడు పుస్తకం అవతల పారేస్తాడు. అది మార్చుకోవచ్చు. ఇక కావలసింది వాడి ఇల్లు, ఇల్లాలు, ఆమె విరహం.

ఆదివారం కొవ్వూరు పడవెక్కాను. నది దాటి రెండు కోసులు నడిస్తే ఆ పేట. తాటాకు ఇళ్ళు, వాటి మధ్య పెంకులు కప్పిన ప్రార్థన ఇల్లు. చెవి కాలినాయన, బర్మా వెళ్ళినాయన అని ఇలా అన్నానో లేదో, ఊడుపుల నుంచి అప్పుడే వచ్చి కాళ్ళు కడుక్కుంటున్న ఒకావిడ చెంబు అక్కడే వదిలేసి పరుగెత్తుకొచ్చింది. ముప్పై, ముప్పైరెండేళ్ళుంటాయి.

"కబురేవన్నా తెచ్చారాండీ?"

కబురు నా జేబులోనే ఉంది. నోటుపుస్తకంలో పదిహేడో పేజీ.

"లేదమ్మా. యుద్ధం గురించి పుస్తకం రాస్తున్నాను. మీ ఆయన సంగతులు నాలుగు చెబుతావేమోనని వచ్చాను" అన్నాను.

ఈ మాట నేను కావాలనే అన్నాను. చెబితే ఏడుపు మొదలవుతుంది. పేటంతా పోగవుతుంది. ఏడిచేవాళ్ళ దగ్గర వివరాలు రావు. ముందు వివరాలు రాసుకుని, లేచేముందు మెల్లగా చెబుదామని నా లెక్క. బాగా చదువుకున్నవాడిని కనక లెక్క అంత చక్కగా వేశాను.

ఆవిడ గుమ్మంలో చాప వేసింది. నా ఆచారానికి భంగం రాకుండా ఎదురింటివాళ్ళ చేత కొబ్బరిబొండం దింపించి నా ఎదురుగానే కొట్టించింది. సాయంత్రం దాకా చెప్పింది. పెళ్ళయిన ఏడాదికే వెళ్ళాడట. చిన్నప్పుడు పొయ్యిలో పడితే చెవి కాలిందట. చీకటంటే భయమట, ఆ సంగతి ఎవరికీ చెప్పొద్దనేవాడట. గంజిలో ఉప్పు ఎంత వేసినా చాలదనేవాడట. నేను ఆరు పేజీలు నింపాను. ఇంతలో పడవ వేళయింది. మళ్ళీ ఆదివారం చెబుదాంలే అనుకున్నాను.

మళ్ళీ ఆదివారం వెళ్ళాను. మళ్ళీ బొండం. ఆ రోజు ఆవిడ తల వంచుకుని ఇంకో సంగతి చెప్పింది.

"కాలవ లాకుల దగ్గర తలుపులు తిప్పే ఆయన ఉన్నాడండి. భార్య పోయింది. ఇద్దరు ఆడపిల్లలు. మనువాడతానని నాలుగేళ్ళ నుంచి అడుగుతున్నాడు. నాకూ ఇష్టవేనండి. మా మిషను దొరగారేమో, మొదటాయన పోయాడని సాక్ష్యం తెస్తే గానీ చర్చిలో పెళ్ళి కుదరదంటారు. ఎక్కడని తెచ్చేది చెప్పండి? పటాలానికి ఉత్తరాలు రాయించాం. అలాంటి పేరు మా జాబితాలో లేదని జవాబొచ్చింది."

మామూలు మనిషి ఎవడైనా అక్కడ ఒక్క మాట చెప్పేవాడు. హవల్దారుగారి అరుగు మూడు గంటల దూరంలో ఉంది. మనిషి బతికే ఉన్నారు. చుట్ట కాల్చుకుంటూ ఉన్నారు. వెంటబెట్టుకొస్తే నెల తిరిగేసరికి పెళ్ళి.

నాకు కోపమొచ్చింది. ఈ మాట రాయడం ఇప్పటికీ సిగ్గే గానీ, కోపమే వచ్చింది. నా నాయిక పన్నెండేళ్ళు నది ఒడ్డున దీపం పెట్టుకుని ఎదురు చూస్తోంది. ఎనిమిదో ప్రకరణం దాకా రాసేశాను. ఈవిడ చూస్తే లాకుల మనిషిని చేసుకుంటానంటోంది! మా ఊళ్ళో అప్పుడు వితంతువులకు పెళ్ళిళ్ళు చెయ్యాలని పెద్ద ఉద్యమం. నేను ఆ పక్షం. సభల్లో ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టేవాడిని, రెండుసార్లు ఉపన్యాసం కూడా ఇచ్చాను. అంతటి సంస్కర్తని, ఎదురుగా ఒక వితంతువు కూర్చుని పెళ్ళి చేసుకుంటానంటే, ఈవిడ నా ప్రకరణం పాడు చేస్తోందని విసుక్కున్నాను.

చెబుదాంలే, తొందరేముంది అనుకుని పడవెక్కాను. ఆ తరవాత రాయడం, ప్రెస్సు చుట్టూ తిరగడం, ప్రూఫులు దిద్దడం. మరిచిపోయాను. మర్యాదగా చెప్పడానికి ఇంతకంటే మంచి మాట దొరకలేదు. వానాకాలంలో హవల్దారుగారు జ్వరంతో పోయారు. ఆయన వెళ్ళిపోయినందుకు బాధపడ్డాను, ఆయనకు ఒక ప్రతి ఇవ్వలేకపోయానే అని.

నవల అచ్చయింది. డోలీ మోసేవాడు నాయకుడైతే జనం కొనరని వాడిని మారువేషంలో ఉన్న రాజకుమారుణ్ణి చేశాను. ఆవిడకు పాలరాతి మేడ కట్టించాను. మా ఊళ్ళో ఇటికల మేడలే నాలుగైదున్నాయి, అయినా పాలరాయికి వెనకాడలేదు. చివరి ప్రకరణంలో గాయపడిన సేనానిని రాజకుమారుడు భుజాన వేసుకుని, గుళ్ళ వర్షంలో ఇరావతిని ఈది, ఒడ్డు చేరి, గుండెలో గుండు దిగి, మిత్రుడి ఒడిలో తల పెట్టుకుని, భార్య పేరు మూడుసార్లు పలికి కన్నుమూశాడు. కాలిన చెవి, ఉప్పురాయి అలాగే ఉంచాను. యథార్థత కోసం. పీఠికలో, 'ఇందలి ప్రతి విషయమును ప్రత్యక్షముగా జూచినవారివలన విని వ్రాసితిని' అని కూడా వేయించాను.

కొన్నవాళ్ళు తక్కువే. ఒక పత్రికలో మాత్రం విమర్శ వచ్చింది. ఈ రచయితకు కల్పనాశక్తి లేదు, ఎవరో ముసలి సిపాయి చెప్పిన కబుర్లు వరసగా పేర్చాడు అని. నెల రోజులు నాకు అన్నం సయించలేదు. పట్టిసీమను బర్మా చేసినవాడికి కల్పనాశక్తి లేదా? గేదెల్ని ఏనుగులు చేసినవాడికి?

ఆ మంట చల్లారకముందే ఒక రోజు బడి దగ్గరికి ఆవిడ వచ్చింది. చేతిలో తెల్లటి గుడ్డలో చుట్టిన పుస్తకం. నాదే. పేటలో బడి చెప్పే ఆయన దాన్ని ఎక్కడో సంపాదించి, ఆదివారం ప్రార్థన అయ్యాక అందరికీ చదివి వినిపించాడట. ఆ పేటలో అప్పటిదాకా ఉన్న అచ్చు పుస్తకాలు మూడే: బైబిలు, కీర్తనల పుస్తకం, ప్రశ్నోత్తరాల పుస్తకం. మూడింట్లోనూ అబద్ధం ఉండదు. నాది నాలుగోది. అబద్ధాన్ని పనిగట్టుకుని అచ్చు వేసే మనుషులుంటారని వాళ్ళకెలా తెలుస్తుంది? చెవి ఆయనదే, ఉప్పురాయి ఆయనదే అన్నారు. రాజకుమారుడు, పాలరాతి మేడ మాటేమిటని ఎవరో అడిగితే, పంతులుగారు మనకి మర్యాద ఇచ్చి రాశారన్నారట.

"సాక్ష్యం దొరికిందండి" అంది ఆవిడ. ఆవిడ కళ్ళు ఇంకా ఉబ్బి ఉన్నాయి. "దొరగారు మిమ్మల్ని ఒక్కసారి తీసుకురమ్మన్నారు. అవునని చెబితే చాలండి."

వెళ్ళాను. ప్రార్థన ఇంట్లో బల్ల వెనక దొరగారు, పక్కన మన తెలుగు పాస్టరుగారు. కింద చాపల మీద పేటంతా. ఒక మూల లాకుల ఆయన, ఉతికిన చొక్కా వేసుకుని, చెరో పక్కన నూనె రాసి జడలేసిన ఇద్దరు ఆడపిల్లలతో. బల్ల మీద నా పుస్తకం, బైబిలు పక్కనే. నాకెంత గౌరవం దక్కిందో చూడండి.

దొరగారు తెలుగు పుస్తకాల్లో నేర్చుకున్నవారు. "పంతులుగారూ, ఈ పుస్తకములో ఈ మనుష్యుని మరణము వ్రాయబడియున్నది. ఇది యథార్థముగా జరిగినదా? లేక మీ కల్పనయా?" అని అడిగారు.

కల్పన. ఆ మాట నా చెవిలో అమృతం పోసినట్టుంది. నెల రోజులుగా ఎవరైనా ఆ ప్రశ్న అడిగితే బాగుండునని ఎదురు చూస్తున్నాను. "మొత్తం నా కల్పనేనండి" అన్నాను, గొంతు కాస్త పెంచి. "నది ఈదడం, గుండు తగలడం, ఆఖరి మాటలు, అన్నీ నేను ఊహించినవే. ఒక్క ముక్క ఎవరూ చెప్పింది కాదు."

దొరగారు పుస్తకం మూసేశారు. లాకుల ఆయన పిల్లల చేతులు పట్టుకుని లేచి నిలబడ్డాడు. ఆవిడ మాత్రం నా వైపే చూస్తోంది.

"అయితే ఆయన బతికున్నాడాండీ?" అంది.

అప్పుడు గానీ నాకు తెలివి రాలేదు. "లేదమ్మా, పోయాడు" అన్నాను. "పోవడం నిజం. పోయిన తీరే నేను మార్చాను. విరేచనాలు పట్టుకుని, దాహం దాహం అంటూ పోయాడు. మా వీధి హవల్దారుగారు స్వయంగా వాగు పక్కన మన్ను కప్పారు."

"ఆయనను పిలువుడు" అన్నారు దొరగారు.

"వానాకాలంలో పోయారండి."

దొరగారు మూసిన పుస్తకం మీద చెయ్యి పెట్టారు. "ఒక నిమిషము క్రిందట ఎవరూ చెప్పలేదంటిరి. ఇప్పుడు చెప్పినవాడున్నాడు, కాని లేడు అనుచున్నారు. మీరు ఈమె ఇంటికి రెండు పర్యాయములు వచ్చితిరి గదా. ఇది నిజమైన యెడల ఆ దినమే ఎందుకు చెప్పలేదు?"

అందరూ నా వంక చూస్తున్నారు. ఆవిడ ఎదురింటివాళ్ళు, బొండం దింపినవాళ్ళు, అంతా. తెలియదనొచ్చు. మరిచిపోయాననొచ్చు. అబద్ధాలు నాకేం కొత్త కాదు, మూడు వందల పేజీలు రాసినవాడిని. కానీ ఆ పిల్లలిద్దరూ జడలు వేసుకుని నిలబడి ఉన్నారు, ఏ అబద్ధమూ వాళ్ళకి పనికొచ్చేలా లేదు.

"చెబితే ఏడుస్తుందనీ, నాకు వివరాలు రావనీ చెప్పలేదండి" అన్నాను. "రెండోసారి, ఈవిడ ఇంకో పెళ్ళి చేసుకుంటే నా కథలో నాయిక పాడవుతుందని చెప్పలేదు."

నా జీవితంలో నేనిచ్చిన ఉపన్యాసాలన్నిటిలోకీ చిన్నది అదే. చప్పట్లు లేవు. ఎవరో ఆడమనిషి ఛీ అంది. దొరగారికి నా మాట అర్థం కాలేదో, అయ్యీ నమ్మలేకపోయారో, పాస్టరుగారి వైపు తిరిగారు.

పాస్టరుగారు డెల్టా మనిషి. మెల్లగా అన్నారు: "దొరగారూ, దీన్ని నమ్మొచ్చండి. తన మొహాన తనే ఇంత పేడ కొట్టుకునే అబద్ధం ఈయన ఆడరండి. ఆ పుస్తకం చదివాను కదండీ, ఈయన రాస్తే ఎవరూ విరేచనాలతో పోరు."

నా నవల మీద వచ్చిన విమర్శల్లో సరైనది అదొక్కటే. దొరగారు హవల్దారుగారు ఉన్న వీధి, పోయిన నెల అడిగి కాగితం మీద రాసుకున్నారు. కింద నా చేత సంతకం చేయించారు. ఆ కాగితం సాక్ష్యంగా చెల్లింది. వచ్చే ఆదివారం నుంచి పెళ్ళి ప్రకటన చదువుతామన్నారు. నేను రాసినవాటిలో ఒక మనిషికి పనికొచ్చింది ఆ నాలుగు వరసలే, అవి కూడా దొరగారి చేతిరాతలో ఉన్నాయి.

బయటికొచ్చి చెప్పులు వేసుకుంటుంటే ఆవిడ వెనకాలే వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండును కూడా అనుకున్నాను.

"క్షమించమ్మా" అన్నాను.

"పంతులుగారూ, ఆ వాగు దగ్గర దాహం అన్నాడన్నారు కదండీ, నీళ్ళిచ్చారాండీ?" అంది ఆవిడ.

"తెలీదమ్మా. నేను అడగలేదు."

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. తుడుచుకోవడానికి మొహం మీద ఏమీ లేదు.

"మీ పుస్తకంలో సావుకి నేను ఏడ్సేశానండి" అంది. "గుండు తగిలిందని, ఎవరో ఒళ్ళో తల ఎట్టుకున్నారని, నన్నే తలుసుకున్నాడని చదివితే మూడ్రోజులు అన్నం ముట్టలేదు. పన్నెండేళ్ళ ఏడుపూ ఆ రాజుగారికే అయిపోయిందండి. ఇప్పుడు మా ఆయన సావు చెప్పారు. దాహం దాహం అని పోయాడు, పాపం. ఏడుద్దామంటే రావట్లేదు. చదువుకున్నోరు కదండీ, దీనికేం చెయ్యాలో మీరే చెప్పండి."